కాలువలో వంక

నాకు భయం ఎక్కువ. మా ఇంట్లో ఈ మాట అందరూ నవ్వుతూ చెబుతారు, నేను నవ్వకుండా చెబుతాను. కుక్కంటే భయం, మనుషుల్లేని వీధంటే భయం, వెనకనుంచి నెమ్మదిగా వచ్చే కారంటే భయం. అన్నిటినీ మించి నీళ్లంటే భయం. అలాంటి నన్ను పెళ్లి చేసుకుని మా ఆయన తిన్నగా తీసుకెళ్లి కాపురం పెట్టింది ఎక్కడయ్యా అంటే, ఊరి నిండా కాలువలున్న లోవెల్‌లో.

మసాచుసెట్స్‌లో ఉంటుంది ఆ ఊరు. ఒకప్పుడు బట్టల మిల్లులు తిప్పడానికి నదిని అడ్డగించి, కాలువలు తవ్వి, ఊరంతా నీళ్లు పారించారు. తర్వాత మిల్లులు మూతబడ్డాయి, కాలువలు మిగిలాయి. డెబ్బైల చివర్లో మేం వెళ్లేనాటికి కంప్యూటర్ కంపెనీలు వచ్చి ఊరు మళ్లీ లేచి కూర్చుంటోంది. మా ఆయన ఉద్యోగం వాటిల్లో ఒకదాంట్లోనే. కొన్నాళ్లకి కాలువల్లో టూరిస్టు పడవలు కూడా మొదలయ్యాయి. వెడల్పాటి టోపీ పెట్టుకున్న గైడు ఎర్ర ఇటుకల మిల్లునీ, గడియారం గోపురాన్నీ, పాత లాకునీ చూపించి, అందరూ ఫోటోలు తీసుకునేదాకా ఆగి, దింపేసేవాడు. మా ఇంటికి ఏ తెలుగువాళ్లు వచ్చినా మా ఆయన ఆ పడవ ఎక్కించేవారు. నేను గట్టు మీద బెంచీలో కూర్చుని అందరి హ్యాండ్‌బ్యాగులకీ కాపలా కాసేదాన్ని.

ఆ పడవ వెళ్లని కాలువలు నాకు చూపించింది మా అత్తగారు.

ఆవిడది గోదావరి డెల్టా. ఒక కాలువ గట్టున పుట్టి, మరో కాలువ గట్టున కాపురం చేసిన మనిషి. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మనవరాలితో గడపడానికి వచ్చారు. వచ్చిన వారానికే కొడుకు పడవ ఎక్కించాడు. దిగుతూనే ఆవిడ పెదవి విరిచారు.

"ఇదేం చూపించడంరా? కాలవంటే ఎక్కడ పుట్టిందో, ఎక్కడ కలిసిందో చూడాలి గానీ, మధ్యలో ఓ ముక్క చూపించి టిక్కెట్టు పుచ్చుకోడం ఏవిటీ?"

"మిగతాదంతా సేఫ్ కాదమ్మా. అన్నీ ఓల్డ్ బిల్డింగ్స్, మనుషులుండరు అక్కడ," అన్నారు మా ఆయన.

"మరీ మంచిది. నీళ్లు తిన్నగా కనబడతాయి."

మర్నాటి నుంచి మొదలైంది. మా ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే ఆవిడ కుచ్చిళ్లు పైకి దోపి, కొడుకు కొన్న కాన్వాసు బూట్లు తొడుక్కుని, మా అయిదేళ్ల పాప చెయ్యి పట్టుకుని బయల్దేరేవారు. వాళ్లిద్దర్నీ ఒంటరిగా పంపలేక వెనకాల నేను. టూరిస్టులు తిరిగే నాలుగు వీధులూ దాటితే ఊరు వేరేగా ఉండేది. కిటికీ అద్దాలు పగిలిన మిల్లుల వెనకభాగాలు, తుప్పు పట్టిన ఇనుప తలుపులు, గోడల మధ్య నల్లగా కదిలే నీళ్లు. నీళ్లలో సగం మునిగిన టైరు, సూపర్ మార్కెట్లో సామాన్లు తోసుకెళ్లే బండి. మెట్ల మీద కాగితం సంచిలో సీసా దాచుకుని తాగే మగాళ్లు. వాళ్లు తలెత్తి చూస్తే నా గుండె గుభేలుమనేది. అత్తగారు మాత్రం ఏ మిల్లు కిందికి ఏ పాయ దూరిందో, ఎక్కడ తేలిందో గోడల మీంచి వంగి చూసుకుంటూ, మనవరాలికి చెప్పుకుంటూ నడిచేవారు. ఆవిడ వంగినప్పుడల్లా నేను పాప గౌను వెనక నుంచి గుప్పిట బిగించి పట్టుకునేదాన్ని.

"మామ్మా, మామీ నా డ్రెస్ వదల్దు!" అని పాప ఫిర్యాదు.

"మీ అమ్మంతేనే బుజ్జమ్మా. నీళ్లెరగని దేశం నుంచొచ్చింది."

నీళ్లెరగని దేశమంటే అనంతపురం జిల్లా. మా ఊరి పక్కన ఒక వంక ఉండేది. వాగుని మా వైపు వంకంటారు. దాదాపు ఏడాది పొడుగునా అందులో ఇసకే. పిల్లలం అక్కడే ఆడుకునేవాళ్లం. నాకు ఏడేళ్లప్పుడు ఒక సాయంత్రం, మా ఊరి మీద మబ్బుతునక కూడా లేదు, ఎగువన ఎక్కడో పెద్దవాన పడింది. గులకరాళ్ల మీద బండి పోతున్నట్టు దూరంగా చప్పుడు వినిపించింది. మా నాయన "వంకొస్తాంది! వంకొస్తాంది!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి నన్ను రెక్క పట్టి గట్టు మీదికి లాగేశాడు. నా పక్కనే ఇసకలో గూళ్లు కడుతున్న ఎదురింటి పిల్ల ఆయన రెండో చేతికి అందలేదు. మర్నాడు దిగువన తుమ్మచెట్ల దగ్గర దొరికింది. అప్పటినుంచీ నాకు నిండుగా పారే నీళ్లకన్నా ఎండిపోయిన ఏరంటేనే ఎక్కువ భయం.

ఈ కథ అత్తగారికి ఒకసారి చెప్పాను. పిల్ల పోయిన ముక్క మాత్రం చెప్పలేదు, నోరు రాలేదు. ఆవిడకి తమాషాగా వినిపించింది.

"ఏటిని వంకంటారా మీరు? అదీ సంగతి. అందుకే ప్రతిదానికీ ఓ వంక పెడతావు."

కొడుక్కి కూడా చెప్పి నవ్వించారు. అప్పటినుంచి నేను ఎక్కడికైనా రానంటే చాలు, "అదిగో, వంకొచ్చింది" అనేవారు. నాకు ఒళ్లు మండేది. మా నాయన గొంతులో విన్న ఆ మాట ఆ ఇంట్లో వేళాకోళం అయిపోయింది.

జూలైలో ఒకనాడు మిల్లు వెనక సందులో నడుస్తుంటే ఒక కారు మా పక్కకొచ్చి నెమ్మదించింది. లోపలున్న కుర్రాళ్లు అద్దం దించి ఏదో అరిచి, ఖాళీ డబ్బా ఒకటి మా కాళ్ల దగ్గరికి విసిరి వెళ్లిపోయారు. నేను పాపని గోడ వైపు లాక్కున్నాను. అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ అందులో ఒక్క మాట మాత్రం చక్కగా తెలిసింది.

"గెటౌటన్నాడు కదూ?"

"పోనీండి అత్తయ్యా, తాగున్నారు."

"మా ఊళ్లో హెడ్మాస్టరు పిల్లల్ని బయటికి గెంటేప్పుడు అనేవాడు ఆ మాట. నాకు తెలీదనుకున్నావా? ఈసారి ఎవడన్నా గెటౌటంటే అక్కణ్ణించి కదల్ను, చూస్కో."

ఆ రాత్రి మా ఆయనతో చెబితే ఆయన ముఖం మాడ్చుకుని, ఇక నడకలు వద్దన్నారు. ఆవిడ వింటేగా. పైగా ఎవరో కుర్రాడు గెటౌటన్నాడని ఇంట్లో కూర్చుంటే వాడి మాట నెగ్గినట్టే కదా అన్నారు. మళ్లీ వెంట నడిచాను, ఈసారి కార్లకి కూడా భయపడుతూ.

సెప్టెంబరులో వినాయక చవితి వచ్చింది. అంతకు ముందు ఏళ్లలో మేం క్యాలెండరు మీది వినాయకుడికే పూజ చేసి సరిపెట్టుకునేవాళ్లం. ఈసారి అత్తగారు ఒప్పుకోలేదు. పాప తన ఆటమట్టి ఇస్తానని డబ్బా పట్టుకొచ్చింది.

"ఆకుపచ్చ రబ్బరు వినాయకుడికి దణ్ణం పెట్టలేనే తల్లీ. ఒండ్రుమట్టి కావాలి."

పండగ ముందు ఆదివారం మా ఆయన ఏదో అర్జెంటు పని ఉందని ఆఫీసుకెళ్లారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం ముగ్గురం బయల్దేరాం. పాప చేతిలో బీచి దగ్గర కొన్న చిన్న ఎర్ర బకెట్టు. ఆవిడ ఆ రోజు అంతవరకూ మేం వెళ్లని వైపు తీసుకెళ్లారు. రెండు మిల్లుల మధ్య సందులోంచి వెళ్తే ఒక తీగల కంచె, కంచెలో ఒకచోట మనిషి దూరేంత చిరుగు. అవతల కాలువ ఉంది గానీ అందులో నీళ్లు లేవు. గోడలు బాగుచేయడానికి ఆపినట్టున్నారు. గట్టు మీద టార్పాలిన్ కప్పిన సిమెంటు బస్తాలున్నాయి. ఆదివారం కాబట్టి పనివాళ్లెవరూ లేరు. అడుగున నల్లటి బురద, అక్కడక్కడా చిన్న మడుగులు. గోడ విరిగిన చోట రాళ్లు కిందిదాకా జారి మెట్లలా ఉన్నాయి.

"కాలవ కట్టేశారే!" అన్నారు అత్తగారు. ఆ గొంతులో అంత సంతోషం అమెరికా వచ్చాక నేను వినలేదు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ మాట తెలుసు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా కాలువ ఊరందరిదీ. పిల్లలు అందులో ఆడుకుంటారు, మడుగుల్లో చేపలు పడతారు, పొలాలకి ఒండ్రు తోలుకుంటారు. నీళ్లు వదిలే రోజు ముందుగానే టముకు వాయించి ఊరంతటికీ చాటిస్తారు. ఆవిడకి కట్టేసిన కాలువ అంటే వేసవి సెలవులు.

"వద్దు అత్తయ్యా. నీళ్లు ఎప్పుడొస్తాయో మనకి తెలీదు."

"టముకు వెయ్యకుండా నీళ్లెలా వదుల్తారే?"

"ఇక్కడ టముకు ఎవరేస్తారు?"

"అదిగో, వంకొచ్చింది," అని నవ్వేసి, కంచెలోంచి దూరి, పాపని చెయ్యి పట్టి దింపుకుంటూ రాళ్ల మీదుగా దిగిపోయారు. నా చీర కొంగు తీగలకి పట్టుకుంది. దాన్ని విడిపించుకుని గట్టు అంచుకి చేరేసరికి ఇద్దరూ కాలువ మధ్యలో ఉన్నారు. ఆవిడ వంగి మట్టి తీసి నలిపి చూస్తున్నారు. పాప బూట్లతోనే మడుగులో గంతులేస్తోంది.

"మామీ, లుక్! సో మచ్ మడ్!"

దిగి లాక్కురావాలి. కాళ్లు కదల్లేదు. నాది ఒట్టి పిరికితనమేమో, ఇంతమంది నవ్వుతున్నారంటే అదే నిజమేమో అని నాకు నేనే చెప్పుకుంటూ అంచున నిలబడిపోయాను.

అప్పుడు అవతలి గట్టు మీద, మిల్లు వెనక తలుపు తెరుచుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. బనీను మీదున్నాడు. పెద్ద శరీరం, ఎర్రబడ్డ ముఖం. మెట్ల మీద సీసా పట్టుకుని కూర్చునేవాళ్లలో అతన్ని ఒకటి రెండుసార్లు చూసినట్టే అనిపించింది. రెండు చేతులూ గాల్లో ఊపుతూ గొంతు చించుకుని అరిచాడు.

"గెటౌట్! గెటౌట్ ఆఫ్ దేర్!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారులో కుర్రాళ్లు గుర్తొచ్చారు. కంచె దూరి వచ్చాం, పోలీసుల్ని పిలుస్తాడు, లేదా తనే వస్తాడు, అతనికి అడ్డం పడేవాళ్లు ఈ సందులో ఎవరూ లేరు అనుకున్నాను.

"అత్తయ్యా, పైకొచ్చేయండి! అతనికి కోపంగా ఉంది!"

ఆవిడ నడుం నిటారుగా చేసి, మట్టి చేతులు నడుం మీద పెట్టుకుని అతని వంకే చూశారు.

"గెటౌటంటే పోవడానికి ఇదేవన్నా వాడి అబ్బ సొమ్మా? ఉండవే. నేను కదల్ను."

అతను ఇంకా గట్టిగా అరిచాడు. ఎగువకి చెయ్యి చూపిస్తున్నాడు. పొమ్మంటున్నాడనే అనుకున్నాను. అతని మీదనుంచి చూపు తిప్పుకోవాలని కిందికి చూశాను. పాప పక్కన మడుగులో ఒక కాగితం కప్పు తేలుతోంది. మేం వచ్చినప్పటినుంచీ ఒక్కచోటే ఉంది అది. ఇప్పుడు కదిలింది. పాప బూటు పక్కనుంచి మెల్లగా జారి దిగువకి వెళ్లింది.

అప్పుడు విన్నాను. గులకరాళ్ల మీద దూరంగా బండి.

"వంకొస్తాంది!" అని అరిచాను. నా గొంతులోంచి మా నాయన అరిచినట్టే ఉంది. "అత్తా, వంకొస్తాంది! పాపా!"

అత్తగారు కొట్టిపారేసినట్టు చెయ్యి ఊపారు. ఇప్పుడా నీ వంకలు అన్నట్టు. నేను రాళ్ల మీద ఎలా దిగానో తెలీదు. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. భయం పోయి దిగానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. జన్మలో ఎప్పుడూ అంత భయపడలేదు. ఆ భయంతోనే దిగాను. ఎగువ మలుపు దగ్గర నుంచి గోధుమరంగు నీళ్లు నురగతో, చెత్తతో, అడుగంతా పరుచుకుంటూ వస్తున్నాయి. గోడంత ఎత్తున ఏమీ రాలేదు. మడమలదాకా వచ్చాయి, పిక్కలదాకా వచ్చాయి, ఆగలేదు.

పాపని నడుం పట్టి ఎత్తి చంకన వేసుకున్నాను. దాని బూటొకటి బురదలోనే ఉండిపోయింది. బకెట్టు వదలమంటే వదల్లేదు. రాళ్ల దాకా ఈడ్చుకుంటూ వచ్చి తలెత్తితే పైన ఆ మనిషి ఉన్నాడు. దగ్గర్లో వంతెన ఉన్నట్టుంది, చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చాడు. రాళ్ల మీద బోర్లా పడుకుని రెండు చేతులూ కిందికి చాపాడు.

నేను వెనక్కి చూశాను. అత్తగారు కదలాలని చూస్తున్నారు. బురద ఆవిడ రెండు కాళ్లూ పట్టేసింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. ఆవిడ ముఖంలో ఎప్పుడూ చూడనిదేదో ఉంది.

మళ్లీ పైకి చూశాను. అతని దగ్గర బీరు వాసన, మిషను నూనె వాసన. ఏ మనిషిని చూసి నా బిడ్డని వెనక్కి లాక్కుంటూ మూడు నెలలు ఆ సందుల్లో నడిచానో ఆ మనిషే అని ఇప్పటికీ నా నమ్మకం. మా నాయన రెండో చేతికి ఆ పిల్ల అందలేదు. నా పిల్లని అతని చేతుల్లో పెట్టేశాను. పెట్టిన క్షణం అది కెవ్వున ఏడ్చింది. నేను తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లాను.

"నన్నొదిలెయ్యవే, పిల్లని చూసుకో," అన్నారు అత్తగారు.

"పిల్ల పైనుంది. బూట్లలోంచి కాళ్లు లాగండి. మట్టి పారేయండి!"

ఆవిడ ఒక చేత్తో ఇంకా మట్టిముద్దని గుండెకి అదుముకునే ఉన్నారు. ఆ మట్టి మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నడుం చుట్టూ చెయ్యి వేసి పీకాను. ఒక కాలు వచ్చింది. చీర నీళ్లలో ఉబ్బి ఇద్దర్నీ దిగువకి లాగుతోంది. రెండో కాలు వచ్చేసరికి నీళ్లు తొడలదాకా ఉన్నాయి. పడుతూ లేస్తూ రాళ్ల దగ్గరికి చేరాం. అతను ఆవిడ మణికట్టు పట్టుకుని పైకి లాగాడు, తర్వాత నన్ను. పాప గట్టు మీద, అతను సిమెంటు బస్తాల మీంచి లాగిన టార్పాలిన్ కప్పుకుని, బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు ఊగుతూ ఉండిపోయానో తెలీదు.

అతను రొప్పుతూ ఏదో చెబుతున్నాడు. గేట్లు, ఆదివారం మధ్యాహ్నం అన్న రెండు మాటలు అందాయి. పనివాళ్లుండని ఆ పూటే గేట్లెత్తి నీళ్లు వదులుతారు కాబోలు. తల అడ్డంగా ఊపి, మిల్లు వైపు నడిచి వెళ్లిపోయాడు. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. కాలువ గోడ సగం దాకా నిండి, ఏమీ ఎరగనట్టు పారుతోంది. పాప గంతులేసిన చోటు ఎక్కడో కూడా చెప్పలేకపోయాను.

ఇంటికి ఉత్తి కాళ్లతో నడిచాం. వీధిలో వాళ్లు ఆగి చూశారు. ఆ రోజు నాకు వాళ్లంటే భయం వేయలేదు. వేయడానికి ఇంకేం మిగల్లేదు.

స్నానాలు చేయించి, పాపని నిద్రపుచ్చి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారు. మట్టిముద్ద ముందు పళ్లెంలో ఉంది.

"ఆ మనిషి టముకేశాడే," అన్నారు. "వాడు టముకేస్తుంటే నేను తిట్టు అనుకున్నాను."

నేనూ తిట్టే అనుకున్నాను.

"మీ వంకలో ఎవరన్నా పోయారా?"

చెప్పాను. ఎదురింటి పిల్ల సంగతి, మా నాయన రెండో చెయ్యి సంగతి, తుమ్మచెట్ల సంగతి. ఆవిడ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ వంక మీద వేళాకోళం ఆడలేదు. కొడుక్కి జరిగిందంతా ఆవిడే చెప్పారు, నా మీద ఒక్క మాట రానివ్వకుండా.

చవితి నాడు ఆ మట్టితోనే వినాయకుణ్ణి చేశారు. పూజయ్యింది, ఉండ్రాళ్లు తిన్నాం. సాయంత్రం నిమజ్జనం. పారే నీళ్లలో కలపాలి కదా, నదికి తీసుకెళ్దామా అని మా ఆయన కారు తాళాలు తీశారు. అత్తగారు వద్దని తల ఊపారు. స్నానాల గదిలోకి వెళ్లి పాప ఎర్ర బకెట్టు కుళాయి కింద పెట్టారు. పాప వంగి చూడబోతే ఆవిడ చెయ్యి చటుక్కున వెళ్లి దాని గౌను వెనక నుంచి గుప్పిట పట్టుకుంది.

నాకు గెలిచినట్టు ఉండాలి. గుండె జారిపోయింది. ఆవిడకి భయం లేదన్న ధైర్యం మీదే నేను అన్నాళ్లూ ఆ ఊరి వీధుల్లో నడిచానని అప్పుడు తెలిసింది.

ఆవిడ కుళాయి మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగారు.

"నీళ్లెంత పట్టమంటావే అమ్మాయ్?"

కాలువల మధ్య పుట్టిన మనిషి నన్నడుగుతున్నారు. సగం చాలన్నాను. ఆవిడ సగానికే కట్టేశారు.